సంచుల్లో గాలి

1. ఆదివారం, ముసురు

ఈ రాతలు కాగితం మీదే. యంత్రంలో రాస్తే రాసిన మరుక్షణం అది ఇంకొకరి సొత్తవుతుంది. మనం రాసింది మనం మళ్ళీ చదువుకోవాలన్నా అనుమతి అడగాలి. కాగితాన్ని మాత్రం ఇంకా ఎవరూ తమదని అనలేదు. బహుశా మర్చిపోయి ఉంటారు.

పొద్దున దుకాణం తలుపు తీసేసరికి ఎదురింటి పోలమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. గొంతు మీద పట్టీతో కట్టుకున్న పెట్టెను వేలితో పొడిచి చూపించి నోరు కదిపింది. పెట్టె పలికింది: "నమస్కారం. దయచేసి నా పరికరాన్ని ఒకసారి పరిశీలించగలరా?"

పోలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ దయచేసి అని అడిగిన మనిషి కాదు. ఆ పెదాలు చూస్తే తెలుస్తూనే ఉంది. "ఒరే అప్పలసూరీ, దీని మొకం మండ, ఏటైందో సూడు" అంది ఆవిడ. పెట్టె ఆ మాటను ఉతికి, ఇస్త్రీ చేసి నాకు నమస్కారంగా అందించింది.

మా ఉప్పలరేవులో ఈ వీధి ఆడవాళ్ళెవరికీ సొంత గొంతు లేదు. సముద్రం ఒడ్డున ఫోన్ల అద్దాలకు వాడే తెల్లపొడి తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆ పొడిని సంచులకెత్తే పని వీళ్ళది. పొడి గొంతుల్లో పేరుకుంది, పుండు పడింది, ఆపరేషన్లలో ఒక్కొక్కరి గొంతూ పోయింది. ఊరు గోల పెడితే ఫ్యాక్టరీ మూసేసి, తప్పు ఒప్పుకోకుండా, దయతలచినట్టు తలా ఒక గొంతుపెట్టె ఇచ్చారు. గొంతుకు ఆనుకుని నోటి కదలిక పసిగట్టి మాట పలికే పెట్టె అది. తయారుచేసేదీ ఆ కంపెనీవాళ్ళే. మొదట్లో ఉచితం అన్నారు. తర్వాత అద్దె అన్నారు.

పెట్టె పలికే ప్రతి మాటా కంపెనీదే. మనిషికి వాడుక మాత్రమే. పెట్టె ముందుభాగాన కందిబద్దంత అద్దపు కన్ను ఒకటి ఉంటుంది. దాంట్లోంచి కంపెనీ చూస్తూ అనుమతి ఇస్తూ ఉంటుంది. కన్నుకు ఏదైనా అడ్డం పడితే పెట్టె మూగబోతుంది. అందుకని మా ఆడవాళ్ళు చలికాలంలో కూడా మెడ చుట్టూ పైట కప్పుకోరు. వణుకుతూనే మాట్లాడతారు.

నాది కంపెనీ గుర్తింపు ఉన్న రిపేరు దుకాణం. గోడకు సర్టిఫికెట్టు కూడా వేలాడుతోంది. నేను చేయగలిగింది పెట్టె తుడవడం, పట్టీ మార్చడం, అద్దె కట్టక మూగబోయినవాళ్ళకు కట్టమని చెప్పడం. లోపల వేలు పెడితే నేరం. పోలమ్మ పెట్టె తుడిచి ఇచ్చాను. "మీ సేవకు కృతజ్ఞతలు" అంది పెట్టె. పోలమ్మ నోరు మాత్రం చాలా పొడుగ్గా ఇంకేదో అంది.

2. బుధవారం

విచారణ పెట్టారు. ఇన్నేళ్ళ తర్వాత! ఆడవాళ్ళ గొంతులు ఎందుకు పోయాయో తేల్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని వేసింది. దసరా వెళ్ళిన వారం ఊళ్ళోనే కూర్చుంటాడట. సాక్షి స్వయంగా, నోటితో, తన మాటల్లో చెప్పాలి. వెనకటిసారి రాసిచ్చిన కాగితాలను ఎవరో పక్కనుండి రాయించారని కొట్టేశారు కాబట్టి ఈసారి రాత చెల్లదు.

మొదటి సాక్షి మా ఆవిడ సన్యాసమ్మ. సంచులెత్తే హాలుకు మేస్త్రీ ఆమే. ఏం జరిగిందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ సాక్ష్యం నిలబడితే ఫ్యాక్టరీ తప్పు ఒప్పుకుని తీరాలి. నిలబడకపోతే ఫైలు శాశ్వతంగా మూస్తారట.

సాయంత్రం వంటింట్లో నిలబడి ఒకసారి చెప్పి చూసుకుంది. "మేము తెల్లపొడి సంచులకెత్తేవాళ్ళం" అని నోరు కదిపింది.

"మేము సంచులలో గాలి నింపేవాళ్ళమండి" అంది పెట్టె.

ఆమె నా వైపు చూసింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ గాలే. "పొడి వల్ల మా గొంతులు పోయాయి" అంది. "గాలి మార్పు వల్ల మాకు అస్వస్థత కలిగిందండి" అంది పెట్టె.

కంపెనీ నియమాలు తీసి చదివాను. వివాదంలో ఉన్న మాటలను వివాదం తేలేవరకు సంస్థ నిలిపివేయవచ్చునట. వాటి స్థానంలో తగిన మాటలు పెట్టవచ్చునట. పొడి అనే మాట వివాదంలో ఉంది. పొడి పీల్చి గొంతు పోగొట్టుకున్న మనిషి పొడి అనకూడదు!

సన్యాసమ్మ పట్టీ విప్పి పెట్టెను గట్టు మీద పడేసింది. చేతులతో మొదలుపెట్టింది. సంచుల హాల్లో మిషన్ల రొదకు చెవిలో అరిచినా వినపడేది కాదు. అందుకని ఆడవాళ్ళు చేతులతో మాట్లాడుకునేవారు. వాళ్ళకు వాళ్ళే అల్లుకున్న భాష అది. నేను అక్కడ మిషన్ల మెకానిక్కుని కాబట్టి నాకూ వచ్చింది. అసలు మా పెళ్ళి కుదిరిందే ఆ చేతుల మాటల్లో. ఒకరోజు మిషను అవతలి నుంచి "తిన్నావా?" అని అడిగింది, అదీ ఆరంభం.

ఇప్పుడు రెండు వేళ్ళు తిప్పి స్క్రూ విప్పుతున్నట్టు చూపించింది. అంటే పెట్టె విప్పమని.

"జైల్లో పెడతారే" అన్నాను.

ఆమె అరచెయ్యి ఎత్తి, వేళ్ళు ఆడిస్తూ ముఖం మీంచి కిందికి దించి, మూతి మీద పెట్టుకుంది. పొడి రాలుతోంది, మూతి కప్పుకో. హాల్లో మేస్త్రీగా రోజంతా ఆమె చేసిన సైగ అది. కప్పుకోవడానికి ఒక్కరికీ గుడ్డముక్క ఇచ్చిన పాపాన పోలేదు కంపెనీ.

3. ఆదివారం

విప్పాను. ఇంతకంటే ఏం రాయను! కంపెనీ అనుమతి అడిగే దారి మూసేశాను. మాటలు మార్చే ముక్కను పీకేశాను. రేడియోలో వార్తలు చదివే యాస తీసేసి మా ఊరి పలుకు పెట్టాను. ఆ పలుకుల కోసం చేపల బజారులో మంచి గొంతున్న ముసలమ్మలను కూర్చోబెట్టి మాట్లాడించి పట్టుకొచ్చాను. పైకి చూస్తే పెట్టె మామూలుగానే ఉంటుంది. తనిఖీ యంత్రం తగిలించినా బుద్ధిమంతురాలిలా అన్నీ సక్రమమని చెబుతుంది. అద్దపు కన్ను మాత్రం గుడ్డిది. దానితో ఇక పని లేదు.

సన్యాసమ్మ కట్టుకుంది. పట్టీ రెండుసార్లు సర్దుకుంది. భయపడుతోందేమో అనుకున్నాను.

"మావా" అంది.

నేను కుర్చీలోంచి లేచాను.

"కూరలో ఉప్పెక్కువైందని మొన్న మొకం అలగెట్టేవు. ఆ పెట్టెతో నాను తిట్టనేకపోయేను. ఇప్పుడు సెప్తన్నాను ఇను. నీకు నచ్చకపోతే నువ్వే వొండుకో. ఏటి, అలగ గుడ్లప్పగించి సూస్తన్నావు?"

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నా ఇంట్లో ఎవరో మర్యాదస్తురాలు అద్దెకున్నట్టుండేది. ఇవాళ నా పెళ్ళాం తిరిగొచ్చింది.

"పొడి అను" అన్నాను.

"పొడి" అంది. "తెల్లపొడి. పొడి మా గొంతుల్లోకెల్లింది. పొడి. పొడి."

ఆ తర్వాత పైట తీసి మెడ చుట్టూ నిండుగా కప్పుకుంది. అలాగే మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళింది. నేను వెనకాల నిలబడి నవ్వుతున్నాను, మతిలేనివాడిలా.

4. గురువారం

వీధి వీధంతా వచ్చేసింది. ఒక్కొక్కరి పెట్టె విప్పుతుంటే మిగతావాళ్ళు బల్ల చుట్టూ మూగి, మంగలి దుకాణంలో వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. పోలమ్మ పెట్టె తిరిగి కట్టుకోగానే మొదటి మాటగా కంపెనీని ఏడు తరాలు తిట్టింది. వింటూ అందరూ చేతులు ఊపారు, అది హాల్లో చప్పట్లకు బదులు చేసుకునే సైగ.

మధ్యాహ్నం మా పెరట్లో విచారణ ఆట. నేను అధికారిని. కుర్చీలో కాలు మీద కాలేసుకుని అడిగాను: "అమ్మా, సంచుల్లో ఏముండేది?"

"తెల్లపొడి బాబూ" అంది సన్యాసమ్మ. "గాల్లో తేలేది. జల్లిడి పాడైందని మా మావే సెప్పేడు. బాగుసెయ్యడానికి మిషను ఆపాల. ఆపితే నట్టమని మేనేజరు ఒప్పుకోనేదు. ఆ పొడిలోనే నిలబడి పన్జేసేం."

నిజమే, జల్లెడ పాడైందని నేనే చెప్పాను. తర్వాత పోలమ్మ అందుకుంది, ఆ తర్వాత ఇంకొకరు. విచారణలో ఇలాగే చెబితే ఏ రాయి గుండె అధికారైనా కదులుతాడు. నాకు గర్వంగా ఉంది. నా పనిలో వంక పెట్టడం కంపెనీ ఇంజనీర్ల అబ్బ తరం కూడా కాదు.

5. విజయదశమి

పొద్దున్నుంచీ వీధిలో పసుపు వాసన. మా దగ్గర ఆయుధపూజ అంటే ఏదీ వదలం. పడవ ఇంజన్లు, కుట్టుమిషన్లు, ఆటోలు, నా స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే. అన్నం పెట్టే వస్తువుకు బొట్టు లేకపోతే మావాళ్ళకు తోచదు.

గొంతుపెట్టెలకు మాత్రం ఇన్నేళ్ళుగా ఆ భాగ్యం లేదు. పరికరానికి కుంకుమ, పసుపు, విభూది వగైరా పూయరాదని కంపెనీ నియమాల్లో ప్రత్యేకంగా ఉంది. పూస్తే కన్ను మూసుకుపోయి పెట్టె ఆగిపోయేది. మొదటి ఏడాది పోలమ్మ పూసి, పండగంతా మూగగా గడిపి, జరిమానా కట్టింది. అప్పట్నుంచీ దసరా వస్తే ఆడవాళ్ళు కుట్టుమిషనుకు బొట్టు పెడుతూ గొంతు తడుముకునేవారు.

ఈ ఏడు అడ్డేముంది? సన్యాసమ్మ తడిగుడ్డతో పెట్టె తుడిచి, గంధం చుక్క పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. సరిగ్గా ఆ అద్దపు కన్ను మీద. బొట్టు కోసమే చేసినట్టు గుండ్రంగా ఉంటుంది కదా అది.

"బాగున్నాదేటి మావా?"

"అమ్మవారిలా ఉన్నావు" అన్నాను. కొబ్బరికాయ కొట్టాను. వీధిలో ప్రతి ఆడమనిషి గొంతునా ఎర్రటి బొట్టు. సాయంత్రం గుంపుగా నిలబడి పాటలు పాడారు. అన్ని పెట్టెల్లోంచీ ఒకే ముసలమ్మల గొంతులు రావడంతో కాస్త విడ్డూరంగానే ఉంది గానీ, ఎవరూ ఆపలేదు.

6. సోమవారం

వచ్చింది. తనిఖీ అధికారి. పేరు ప్రణవి. చిన్న వయసు, మెత్తటి మాట, చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది. విచారణకు ముందు సాక్షుల పరికరాలు సక్రమంగా ఉన్నాయో లేదో చూడమని కంపెనీ పంపిందట. ముఖం మామూలుగా పెట్టాను.

దుకాణంలోనే ఒక్కొక్కరి పెట్టెకూ తనిఖీ యంత్రం తగిలించి, తలెత్తకుండా దాని తెర వంకే చూసింది. సక్రమం. సక్రమం. సక్రమం. ఆడవాళ్ళంతా నేను చెప్పినట్టే బడిపిల్లల్లా నోరు మూసుకుని నిలబడ్డారు. అందరివీ అయ్యాయి. సన్యాసమ్మ టీ ఇచ్చింది. ఆ అమ్మాయి తాగి, గ్లాసు కింద పెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది.

"మీ సర్వీసింగ్ బాగుందండీ అప్పలసూరి గారూ. మా జాబితాలో ఇంత శుభ్రంగా ఉన్న వీధి ఇంకొకటి లేదు" అంది. నాకు తల తిరిగింది, పొగడ్తకు.

గుమ్మం దగ్గర పోలమ్మను చూసి ఆగింది. నవ్వింది. "అమ్మా, పండగకు పెట్టెకు కూడా బొట్టు పెట్టారా? ఎంత ముద్దుగా ఉందో!"

ముద్దుగా ఉందని అన్నాక పోలమ్మ ఊరుకుంటుందా?

"పెట్టమేటి తల్లీ? మా ఇంట్లో కుట్టుమిషనుకి పెడతాం. దీనికి పెట్టకపోతే పాపం కాదేటి!"

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు అలాగే ఉండి, నెమ్మదిగా చెదిరింది. బొట్టు వంక చూసింది. కన్ను మూసి ఉంది. పెట్టె మాట్లాడింది. తర్వాత వరసగా అందరి గొంతులూ చూసింది. ప్రతి కన్ను మీదా ఎర్రగా, గుండ్రంగా, గంధం మీద అద్దిన కుంకుమ.

మొత్తం పనితనమంతా యంత్రం కళ్ళుగప్పడానికే చేశాను. మనిషి కళ్ళ సంగతి ఆలోచించలేదు. బొట్టు పెట్టొద్దని ఒక్కమాట చెప్పి ఉండాల్సింది. నాకు తట్టలేదు. తట్టకపోగా కొబ్బరికాయ కొట్టాను. దసరాకు బొట్టు పెట్టడం తప్పవుతుందని ఈ వీధిలో పుట్టినవాడికి ఎలా తడుతుంది?

"సారీ అండీ" అంది ఆ అమ్మాయి. నిజంగానే బాధపడింది. బాధపడుతూనే ఫోన్ తీసింది.

7. మంగళవారం

నా దుకాణానికి సీలు వేశారు. సర్టిఫికెట్టు గోడ మీంచి తీసుకెళ్ళారు. సాఫ్ట్‌వేర్ దొంగతనం, మాటల దొంగతనం, దొంగ మాటల పంపిణీ. నా మీద కేసులకు ఇవీ పేర్లు. మూడోది చదివి నవ్వొచ్చింది.

పెట్టెలన్నీ మళ్ళీ మొదటిలా చేసేశారు. కన్ను తెరవాలంటే బొట్టు తుడవాలి. ప్రణవి దూది, స్పిరిటు పట్టుకుని వరసలో ఒక్కొక్కరి ముందూ నిలబడింది.

పోలమ్మ వెనక్కి జరిగింది. ఆమె మొగుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొగుడు బతికుండగా ఒంటి మీది బొట్టు ఇంకొకరు తుడవడమేమిటి? ఆ మాట పెట్టె చెప్పలేదు, పెట్టె అప్పటికే మూగ. ఆవిడ గొంతు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆ అమ్మాయి కూడా తెలుగింటి పిల్లే, అర్థమైంది. దూదిని వెనక్కి తీసుకుంది.

చివరికి సన్యాసమ్మ ముందుకొచ్చింది. తన బొట్టును తన బొటనవేలితో తనే తుడుచుకుంది. తుడిచిన వేలిని నుదుటికి అద్దుకుంది. మిగతావాళ్ళూ అలాగే చేశారు. నేను చూడలేక గోడ వైపు తిరిగాను. కోపంతో పళ్ళు నూరుకోవడం తప్ప ఏం చేతనైంది నాకు?

"ధన్యవాదాలు. మీ సహకారానికి సంతోషం" అన్నాయి పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి.

8. బుధవారం

విచారణ రేపే. వాయిదా అడిగితే కుదరదన్నారు. సన్యాసమ్మ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. పొడి అననివ్వకపోతే మరో మాట వెతుకుదామని సైగ చేసింది. పెట్టె కట్టుకుని ఒక్కో మాటా అని చూసింది. సున్నం అంటే గాలి అంది. దుమ్ము అంటే గాలి అంది.

"పిండి" అంది.

"పిండి" అంది పెట్టె.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "మేము తెల్లటి పిండిని సంచులలో నింపేవాళ్ళమండి. ఆ పిండి మా గొంతులలోకి వెళ్ళిందండి." చక్కగా, రేడియోలో చెప్పినట్టు పలికింది. అధికారికి అర్థం కాదా ఏ పిండో? ఆమె సంబరంగా పోలమ్మను పిలిచింది. అందరూ వచ్చారు. పొద్దుపోయేదాకా పిండి, పిండి అని సాధన చేశారు. నా పాడు దుకాణం పోతే పోయిందిలే అనిపించింది.

9. గురువారం, విచారణ

సన్యాసమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది. మెడకు పైట అడ్డం రాకుండా సర్దుకుని నిలబడింది. వెనక బల్లల మీద మా వీధి ఆడవాళ్ళంతా. మాట పట్టుకుని రాసుకునే యంత్రం ఒకటి అధికారి ముందుంది.

"అమ్మా, ఫ్యాక్టరీలో మీరేం పని చేసేవారు?"

"సంచులు నింపే పని చేసేదాన్నండి."

"దేనితో నింపేవారు?"

ఆమె పెదాలు స్పష్టంగా పిండి అన్నాయి.

"గాలితోనండి" అంది పెట్టె.

వెనక ఎవరో కంపెనీ మనిషి కిసుక్కుమన్నాడు. నిన్నంతా మేం పిండి పిండి అని సాధన చేసింది ఎవరి పెట్టెల్లో? ఎవరి చెవిలో? పాఠం మేం నేర్చుకున్నామనుకున్నాం. దానికి నేర్పాం.

"సరిగ్గా చెప్పండమ్మా. సంచుల్లో ఏముండేది?"

"గాలి."

"మీ గొంతు ఎందుకు పోయింది?"

"గాలి మార్పు వల్లనండి. సంస్థవారు ఎంతో సాయం చేశారండి."

కంపెనీ వకీలు లేచి నమస్కరించాడు. "ధన్యవాదాలు తల్లీ. నేను అడగవలసింది ఏమీ లేదు."

సన్యాసమ్మ ఒక్క క్షణం అతని వంక చూసింది. ఆ తర్వాత పైట తీసి మెడ చుట్టూ కప్పుకుంది. పెట్టె కన్ను మూసుకుపోయింది, దాని నోరు మూతపడింది. రెండు చేతులూ పైకెత్తింది.

మిషను చూపించింది. జల్లెడ చూపించింది, అది ఎక్కడ చిరిగిందో చూపించింది. మేనేజరు నడక చూపించింది, ఆపొద్దని చెప్పిన వేలు చూపించింది. సంచి ఎత్తింది. పొడి పైకి లేచింది, ఆమె వేళ్ళ మధ్య నుంచి ఆ గదిలో రాలింది. పక్కమ్మాయి దగ్గు. రక్తం. ఆసుపత్రి బల్ల. గొంతు మీద కత్తి. ఒక్కటీ వదల్లేదు. నేను కూడా అంత వివరంగా ఎప్పుడూ వినలేదు. ఆఖరున అరచెయ్యి ఎత్తి, వేళ్ళు ఆడిస్తూ ముఖం మీంచి దించి మూతి మీద పెట్టుకుంది.

వెనక బల్లల మీద పోలమ్మ లేచింది. పైట కప్పుకుని అదే సైగ చేసింది. అందరూ లేచారు. అందరి చేతులూ ఒకేసారి పైకి వెళ్ళి ఒకేసారి మూతుల మీదికి దిగాయి. గదిలో గాజుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయ్యా, నేను చెబుతాను ఆవిడేమంటోందో" అని లేచాను.

"మీరు దొంగతనం కేసులో నిందితులు. కూర్చోండి" అన్నాడు అధికారి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "ఈ సైగలకు గుర్తింపు లేదు. ఇది భాష కాదు. నేను విన్నదే రాయాలి."

యంత్రం ఏం రాసిందో బయట గోడకు అంటించారు: సాక్షి తన పరికరాన్ని తానే మూసివేసి మౌనం వహించారు. ఫైలు మూసివేయడమైనది.

10. ఆదివారం

మళ్ళీ నోటీసు. ఈసారి సన్యాసమ్మ పేరు మీద. వీధిలో అందరికీ వచ్చింది.

ఫ్యాక్టరీ ఆవరణలో, పనివేళల్లో, ఉత్పత్తి అవసరాల కోసం రూపొందిన సంజ్ఞాభాష సంస్థ సొత్తు అట. విచారణ గదిలో దాన్ని బహిరంగంగా, అనుమతి లేకుండా వాడినట్టు కెమెరా సాక్ష్యం ఉందట. ఇకపై ఇంట్లోగాని, వీధిలోగాని వాడరాదట. నోటీసు వెనక బొమ్మలు ముద్రించారు, ఇన్నేళ్ళూ పెట్టెల కళ్ళు చూసినవే కాబోలు. చేతులు, వాటి కింద అర్థాలు. ఆగు. నీళ్ళు. బరువు. మూతి కప్పుకో. తిన్నావా. బొమ్మల్లో ఉన్నవి సన్యాసమ్మ చేతులే, ఎడమ మణికట్టు మీద నూనె కాలిన మచ్చతో సహా.

గురువారం అది భాష కాదు, మౌనం. ఆదివారానికి భాషే, కానీ వాళ్ళది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం నలిపి మూలకు విసిరాను. మళ్ళీ వెళ్ళి తీసి, సాపు చేసి, మడిచి పెట్టాను. కేసు ఉంది కదా, కాగితాలు కావాలి.

చదివి వినిపిస్తుంటే సన్యాసమ్మ తన చేతుల బొమ్మల మీద వేలు పెట్టి చూసుకుంది. పెట్టె విచారణ రోజున విప్పింది, మళ్ళీ కట్టుకోలేదు.

సాయంత్రం నేను కేసు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మా వంటింటి కిటికీకి ఎదురుగా వీధి స్తంభం, దాని మీద కొత్తగా పెట్టిన కెమెరా. పొయ్యి దించి ఆమె నా వైపు తిరిగింది. వేళ్ళు ముడిచి నోటి దగ్గరికి తీసుకెళ్ళి, కనుబొమలు ఎగరేసింది. తిన్నావా? మిషను అవతలి నుంచి మొదటిసారి అడిగినట్టే అడిగింది.

నేను లేచాను. ముందు వెళ్ళి కిటికీ మూశాను.

వెనక్కి తిరిగేసరికి ఆమె చెయ్యి నోటి దగ్గర అలాగే ఆగి ఉంది. నన్ను చూసింది, మూసిన కిటికీని చూసింది. తర్వాత ఆ చేతిని మెల్లగా దించి పైట కింద దాచుకుంది. వాళ్ళు ఆమె గొంతు తీసుకున్నారు, మాట తీసుకున్నారు. చెయ్యి మాత్రం నేనే ఆపాను.

ఇంకా తినలేదని చెబుదామనుకున్నాను. చెప్పడానికి నా చెయ్యి లేవలేదు.